ఆకుపచ్చ పెన్సిలు, పదకొండో భాగం: కుడివైపు టిక్కు

పోయిన వారం హేమమాలినిని రికార్డు గది గుమ్మంలో నిలబెట్టి వచ్చాం. ఆమె చేతిలో గోడౌన్ సరుకు లెక్క రాసిన స్టాకు కాగితం ఒకటి ఉంది. పొద్దున్న ఆ కాగితాన్ని తనే సరిచూసి, మడిచి, ఫైల్లో పెట్టింది. మధ్యాహ్నం తీసి చూస్తే దాని మీద ఆకుపచ్చ పెన్సిలుతో కొత్తగా ఒక టిక్కు పడి ఉంది. కిందికి చిన్న గీత, పైకి పొడుగు గీత, ఆ గీత కొసన కొక్కెంలా ఒక వంపు. అది శ్యామ్ టిక్కు. శ్యామ్ చనిపోయి మూడేళ్ళు కావస్తోంది.

ఈ వారమే కథ అందుకున్నవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. చెన్నై జార్జి టౌన్‌లో ఒక పాత మేడ రెండో అంతస్తులో యతిరాజులు గారి ఆడిట్ ఆఫీసు ఉంది. శ్యామ్, హేమ చేరినప్పటి నిబంధన ప్రకారం సి.ఏ. చదివే పిల్లలు ఆడిటరు దగ్గర మూడేళ్ళు పని నేర్చుకోవాలి, దాన్నే ఆర్టికల్స్ అంటారు. ఈ ఆఫీసులో చేరిన ప్రతివాళ్ళూ మొదటిరోజే, సరిచూసిన లెక్క పక్కన వేయడానికి తమకంటూ ఒక టిక్కు ఎంచుకోవాలి. ఒకరిది ఇంకొకరిదానిలా ఉండకూడదు. దాన్ని పొడుగాటి రిజిస్టరులో పేరు పక్కన వేయిస్తారు. మనిషి ఆఫీసు వదిలిన రోజున ఆ టిక్కు మీద ఎర్రగీత కొడతారు, ఇక ఎవరూ దాన్ని వేయరు. యతిరాజులు గారి నాన్నగారు పెట్టిన పద్ధతి ఇది. ఆ రిజిస్టరులో ఇప్పటికి నూట నలభై చిల్లర టిక్కులు ఉన్నాయి. శ్యామ్ టిక్కు మీద ఎర్రగీత 2023 ఏప్రిల్‌లో పడింది. అయినా ఈ మార్చి నెలలో ఆ టిక్కు హేమకు మూడుసార్లు కనిపించింది.

శ్యామ్ సంగతి కూడా చెప్పేస్తాను. 2023 మార్చి ముప్పై ఒకటి సాయంత్రం బీచ్ స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. తలకు లోపల దెబ్బ తగిలిందనీ, రక్తం గడ్డకట్టిందనీ డాక్టర్లు చెప్పారు. ఎక్కడ తగిలిందో ఎవరికీ తెలియలేదు. "గోడౌన్ లెక్కకు పోతా ఉండానమ్మా" అని తనతో చెప్పి వెళ్ళాడని తల్లి కమలాంబ అంది. వాడు ఇరవై ఏడో తేదీ నుంచీ పరీక్షల సెలవులో ఉన్నాడనీ, ఆ రోజు తాము ఏ పనీ అప్పగించలేదనీ ఆఫీసు అంది. హాజరు పుస్తకం కూడా ఆ మాటే చెప్పింది. అప్పటినుంచీ కమలాంబ ఏడాదికొకసారి ఆఫీసు మెట్లెక్కి అదే ప్రశ్న అడుగుతుంది, అదే జవాబు విని దిగిపోతుంది. పదిహేను రోజుల కిందట ఆమెను హేమ మెట్ల మీద చూసింది, మాట్లాడింది. కొడుకు పోయిన దుఃఖం ఒక ఎత్తు. వాడు ఆఖరిగా తనతో అబద్ధమాడి వెళ్ళాడన్నది ఆమెకు ఇంకో ఎత్తు.

ఇక లోపలికి పోదాం.

రికార్డు గదిలో ధర్మలింగం ఒక్కడే ఉన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఈ ఆఫీసులో హెడ్‌క్లర్కు. ఆయన ఏ పరీక్షా రాయలేదు గానీ, ఇక్కడికి వచ్చిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ పెన్సిలు పట్టడం నేర్పింది ఆయనే. ఈ నెలాఖరుకు రిటైరవుతున్నాడు. స్టూలు మీద కూర్చుని పాత ఫైళ్ళకు నాడాలు కడుతున్నాడు. కింద వీధిలో బండ్లవాళ్ళు దారి కోసం అరుచుకుంటున్నారు, కిటికీలోంచి ఎండుమిర్చి ఘాటు లోపలికి కొడుతోంది.

హేమ చాలా మాటలు సిద్ధం చేసుకుని వచ్చింది. దయ్యాలూ భూతాలూ తనకు పట్టవని ఇంట్లో గొప్పలు పోతూనే, రెండు వారాలుగా ఇంటి దగ్గరి ముండకన్నియమ్మ గుడి కుంకుమ పొట్లం బ్యాగులో పెట్టుకుని తిరుగుతోంది. బీచ్ స్టేషన్లో ఆ బెంచీ దగ్గరికి రాగానే అడుగులు వాటంతట అవే జోరందుకుంటున్నాయి. రాత్రి చదువుకు కూర్చుంటే పుస్తకంలో తను పెట్టిన టిక్కుల కొసన కూడా వంపు ఉన్నట్టే తోస్తోంది. మేలో ఫైనల్ పరీక్ష. జనవరిలో ఒక గ్రూపు గట్టెక్కింది, రెండోది మిగిలింది. ఈ స్థితిలో ఇంకో నెల గడిస్తే ఆ గ్రూపు కాదు, తన బుర్రే చేజారిపోతుందని భయం పట్టుకుంది.

కాగితం ఆయన ముందు పెట్టి, ఈ టిక్కు ఎవరు వేశారో చెప్పమని అడిగింది. ధర్మలింగం కాగితం వైపు చూడలేదు. నాడా ముడి వేయబోయి వేయలేకపోయాడు. అప్పుడు హేమ ఆయన చేతులు చూసింది. ఆఫీసులో హెడ్‌క్లర్కు వాడేది నీలం పెన్సిలు. ఆకుపచ్చది పిల్లలది. ధర్మలింగం కుడి బొటనవేలికీ చూపుడువేలికీ పచ్చటి మసి అంటుకుని ఉంది.

"సార్, మీ వేళ్ళు," అంది హేమ.

ధర్మలింగం వేళ్ళు చూసుకున్నాడు. పంచె కొసకు తుడుచుకోబోయి మానేశాడు.

"తలుపు కొంచెం దగ్గరికెయ్యి అమ్మణ్ణీ," అన్నాడు. "మూడూ నేనే పెట్టినా."

హేమకు ముందు కోపం వచ్చింది. ఆ వెనకే ఒళ్ళంతా తేలికయింది. దయ్యం కాదు, ఎదురుగా కూర్చున్న ఈ పెద్దాయనే. నవ్వొచ్చేంత ఊరట. కానీ ఆయన ముఖం చూశాక నవ్వు రాలేదు.

"ఎందుకు సార్? ఎంత భయపడినానో తెలుసా మీకు?"

"తెలుసు. నువ్వు భయపడతావని తెలిసే పెట్టినా. భయపడితే గదా అడగతావు. పోయినేడాది పెట్టినా, అంతకు ముందేడు పెట్టినా. ఎవురూ చూళ్ళా. చూసినోళ్ళు కూడా నాకేమని ఊరుకున్నారు. మంగళారంతో నా పని సరి. ఇంగ ఈ గదిలోకి ఎవురు వస్తారు, ఎవురు అడగతారు?"

"నోరు తెరిచి చెప్పొచ్చు కదా?"

"నోరు రాలా అమ్మణ్ణీ. ఆడిటర్ సార్ ఉప్పు తిన్నోణ్ణి. అడగనిదే చెప్పే ధైర్యం నాకు లేదు. అడిగితే మాత్రం దాచను అని కమలాంబ మొగం చూసిన పొద్దు అనుకున్నా."

అప్పుడు చెప్పాడు. ముక్కలు ముక్కలుగా, మధ్య మధ్య తమిళంలోకి పోయి మళ్ళీ తెలుగులోకి వచ్చి, ఎండుమిర్చి ఘాటుకో మరి దేనికో కళ్ళు ఒత్తుకుంటూ చెప్పాడు.

ఆ మార్చి ముప్పై ఒకటిన ఆఫీసులో మనుషులు చాల్లేదు. ఏడాది చివరి రోజు. అన్ని గోడౌన్లలోనూ ఒకేసారి సరుకు లెక్క చూడాలి. మిగిలింది ఒక్క మిర్చి గోడౌన్. ధర్మలింగమే శ్యామ్‌కు ఫోన్ చేశాడు. సెలవులో ఉన్నావని తెలుసు, ఒక్క పూట రా నాయనా, మధ్యాహ్నానికల్లా అయిపోతుంది అన్నాడు. శ్యామ్ కాదనే రకం కాదు, వచ్చాడు. కానీ గోడౌన్ లెక్కకు ఇద్దరు పోవాలి. అది కూడా యతిరాజులు గారి నాన్నగారు పెట్టిన పద్ధతే. బస్తాల వరసలు కప్పు దాకా ఉంటాయి. ఒకరు నిచ్చెన ఎక్కి పైనుంచి లెక్క చెబితే, ఒకరు కింద నిచ్చెన పట్టుకుని కాగితం మీద రాస్తారు. ప్రతి వరసకూ ఎడమవైపు ఎక్కినవాళ్ళ టిక్కు, కుడివైపు పట్టుకున్నవాళ్ళ టిక్కు. రెండు టిక్కులూ లేని కాగితాన్ని ఈ ఆఫీసులో కాగితంగానే లెక్కచెయ్యరు.

ఆ రోజు రెండో మనిషి లేడు. ధర్మలింగం వాణ్ణి ఒక్కణ్ణే పంపాడు.

"గోడౌన్ కావలి చూసే కాళిముత్తు తర్వాత చెప్పినాడు," అన్నాడు ధర్మలింగం. "నిచ్చిన జారిందంట. దూలానికి తల కొట్టుకున్నాడంట. లేచి కూచున్నాడు, నీళ్ళు తాగినాడు, ఏమీ లేదన్నాడు. మిగతా వరసలు కూడా ఎక్కి చూసి, రాసుకుని, మూడున్నరకు ఈడికి తెచ్చి నా బల్ల మీద పెట్టినాడు. 'తల కొంచెం నొస్తా ఉండాది సార్, పోతా' అన్నాడు. నేను తల కూడా ఎత్తలా. సరి పో అన్నా."

ఆఫీసు నుంచి బీచ్ స్టేషన్ నడిచి పోయేంత దూరమే. ఆ నడక హేమకు రోజూ అలవాటు. తపాలాఫీసు దాటి, రోడ్డు కింది సొరంగ దారిలో దిగి, పైకి వచ్చి, టికెట్టు గది పక్కనుంచి లోపలికి. తల పట్టుకుని ఆ మెట్లు దిగి ఎక్కిన మనిషిని ఆమె ఇప్పుడు చూడగలుగుతోంది. చూడటం ఇష్టం లేకపోయినా కనిపిస్తున్నాడు.

మర్నాడు యతిరాజులు గారు ధర్మలింగాన్ని పిలిచి, హాజరు పుస్తకంలో సెలవని ఉంది కదా, అది అలాగే ఉండనియ్యి, ఆ కాగితం తీసేసి వేరేది రాయించు అన్నారట. ఆయన చెడ్డవాడు కాదు. ఈ మూడేళ్ళలో హేమను ఒక్క పరుషమైన మాట అనలేదు. కానీ జాగ్రత్తమనిషి. ఆ జాగ్రత్త ఎవరి మీద పడిందో ఆయన మళ్ళీ తిరిగి చూసుకోలేదు. కొత్త కాగితం తయారయింది. పాతది చింపెయ్యమన్నారు.

"చింపలా," అన్నాడు ధర్మలింగం.

లేచి, అలమర పై అరలోంచి టిక్కుల రిజిస్టరు దించాడు. దానికి వేసిన గోధుమరంగు అట్ట ఎన్నోసార్లు మార్చింది. అట్ట మడత విప్పి లోపల చెయ్యి పెట్టి, నాలుగు మడతలున్న కాగితం ఒకటి తీశాడు. అది ఆమె చేతికిచ్చి, తను వెనక్కి తిరిగి కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. అలా ఎందుకు తిరిగాడో హేమకు ఆ క్షణంలో తెలియలేదు.

కాగితం విప్పింది. పైన తేదీ, గోడౌన్ పేరు. మొదలుపెట్టినది పన్నెండు పది, ముగించినది మూడు. పద్దెనిమిది వరసలు. ఎడమవైపు పద్దెనిమిది కొక్కేల టిక్కులు, మొదటివి నిటారుగా, ఆఖరివి కొంచెం పక్కకు వాలి. పదకొండో వరస దగ్గర పెన్సిలు ఊరికే జారి ఒక పొడుగు గీత పడింది. దాన్ని రబ్బరుతో తుడిచిన మరక కూడా ఉంది. హేమ కళ్ళు అక్కడే ఆగిపోయాయి. వాడు ఆ రోజు అక్కడున్నాడు. అమ్మతో అబద్ధం చెప్పలేదు. ఈ ఒక్క కాగితం కమలాంబ చేతిలో పెడితే చాలు, ఆమె ఇక ఈ మెట్లెక్కనక్కర్లేదు.

తర్వాత కుడివైపు చూసింది.

కుడివైపు పద్దెనిమిది టిక్కులు ఉన్నాయి. మామూలు టిక్కు, దాని కింద బొట్టులాగా ఒక చుక్క. ఎంతో శ్రద్ధగా, ఒక్కటి కూడా గీత దాటకుండా, కొత్తగా బడిలో చేరిన పిల్ల రాసినట్టు ఉన్నాయి.

అది హేమమాలిని టిక్కు.

ఆమెకు మొదట ఏమీ గుర్తు రాలేదు. ఇది ఎవరో తన టిక్కు దొంగిలించి వేశారనుకుంది. తర్వాత ఒక మధ్యాహ్నం మెల్లగా పైకి తేలింది. ఆఫీసులో ఆమెకు అది మూడో రోజు. రిజిస్టరులో టిక్కు వేసి రెండు రోజులే అయింది. ఆ చుక్క పెట్టాలన్నది తన ఆలోచనే, ఇంటికి పోయి అమ్మకు కూడా చూపించి మురిసింది. నాలుగు గంటలకు ధర్మలింగం ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టి, కుడిపక్క నీ టిక్కు వేసుకుంటా పో అమ్మణ్ణీ, చెయ్యి అలవాటవుతుంది అన్నాడు. ఆమె వేసింది. పైన ఏముందో చదవలేదు. పక్కన ఎవరి టిక్కులున్నాయో చూడలేదు. నిజమైన కాగితం మీద మొదటిసారి టిక్కు వేస్తున్నానన్న సంతోషంలో పెన్సిలు రెండుసార్లు చెక్కుకుని మరీ వేసింది.

ఇది ఆడిట్ ఆఫీసుల్లో కొత్త విషయం కాదు. మార్చి నెలలో మనుషులు చాలనప్పుడు ఒకరు పోయి వస్తారు, రెండోవాళ్ళు బల్ల దగ్గరే కూర్చుని టిక్కులు వేస్తారు. అందరూ చేస్తారు. హేమ కూడా ఆ తర్వాత రెండుమూడుసార్లు చేసింది. తప్పని ఎవరూ అనుకోరు, ఎందుకంటే సరుకు సరిగ్గానే ఉంటుంది. ఆ కుడివైపు టిక్కుకు అర్థం నిచ్చెన పట్టుకున్నానని చెప్పడమేనన్న సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ పట్టలేదు.

"సార్, ఇది నాది," అంది.

"ఆమా, నీదే," అన్నాడు ధర్మలింగం కిటికీ వైపు తిరిగే. "నేనే వేయించినా. నీ తప్పు గాదు, నాదే. అది నీకు ఎట్టా చెప్పేదని ఇన్నాళ్ళూ..." ఆగాడు. "ఆ కాగితం బయటికొస్తే వాడు ఆడ ఉండాడని తెలుస్తాది. నువ్వు కూడా ఆడ ఉండావని తెలుస్తాది. లేదంటే లేకుండా టిక్కు పెట్టినావని తెలుస్తాది. దేనికైనా నిన్నే అడగతారు. చింపాలంటే చింపు. నేను ఎవురితోనూ చెప్పను. నా వంతు నీ చేతిలో పెట్టేసినా."

చేతులు దులుపుకున్నట్టే ఉంది ఆ మాట. హేమకు ఆయన మీద అసహ్యం వేసింది, జాలీ వేసింది. దేన్ని ముందు పట్టుకోవాలో తెలియలేదు. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

బయటికి వచ్చేసరికి యతిరాజులు గారు తన గదిలోంచి పిలిచారు. ఆమె ఆర్టికల్స్ పూర్తి చేసినట్టు సర్టిఫికెట్ బల్ల మీద సిద్ధంగా ఉంది. వాడిన సెలవులు కలుపుకుని మంగళవారానికి మూడేళ్ళు నిండుతాయి, ఆ రోజు నేను ఊళ్ళో ఉండను, అందుకే ఇప్పుడే సంతకం చేశానని చెప్పారు. తేదీ మంగళవారానిదే వేశారు. నడవడి బాగుంది, పనిలో నిజాయితీ ఉంది అని తన చేతిరాతతో రాశారు. ఆ వాక్యం హేమ రెండుసార్లు చదివింది. ఇంట్లో ఈ చదువు దాకా వచ్చిన మొదటి మనిషి తను. ఈ కాగితం కోసం నాన్న శ్రీకుమార్ రోజూ అడుగుతున్నాడు, ఫ్రేము కట్టిస్తానని కూడా అన్నాడు. ఈ కాగితం ఉంటేనే మే పరీక్ష తర్వాత పేరు ముందు ఆ రెండు అక్షరాలు. ఒక తప్పుడు టిక్కు బయటపడితే ఈ కాగితాన్ని ఎవరైనా లాక్కోవచ్చు.

ఆయన కాళ్ళకు దండం పెట్టింది. ఆశీర్వదించారు. ఆఫీసు పేరు అచ్చేసిన కవరులో పెట్టి ఇచ్చారు. అది తీసుకెళ్ళి బ్యాగులో ఆ మడతల కాగితం పక్కనే పెట్టింది.

నాలుగున్నరకు బీచ్ స్టేషన్. మైలాపూరు పోయే బండి ఒక ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. ఎక్కితే అరగంటలో ఇల్లు. ఆ బెంచీ దగ్గరికి రాగానే ఈసారి హేమ అడుగులు జోరందుకోలేదు. వచ్చి దాని మీద కూర్చుంది. ఇనుము ఎండకు కాలి వెచ్చగా ఉంది. పక్కన కాలేజీ పిల్లలు వేరుశనగలు తింటూ గోల చేస్తున్నారు. మూడేళ్ళ కిందట కూడా ఇలాగే ఎవరో పక్కన కూర్చుని తిని ఉంటారు. పక్కవాడు నిద్రపోతున్నాడనుకుని ఉంటారు.

దయ్యం కాదని తెలిశాక భయం పోవాలి. కానీ పోలేదు, ఇంకా దగ్గరికి వచ్చింది. ఇన్నాళ్ళూ శ్యామ్ తన వెంట ఎందుకు పడుతున్నాడో తెలియక భయపడింది. ఇప్పుడు తెలిసింది. ఆ నిచ్చెన కింద తన పేరు ఉంది, మనిషి లేదు. తను నిజంగా పోయి ఉంటే? ఎవరూ పంపలేదు, పొమ్మంటే పోయి ఉండేది, ఆ మాట నిజమే. ఆ నిజం తలకెక్కింది గానీ గుండెలోకి దిగలేదు.

మైలాపూరు బండి కదిలిపోయింది. అవతలి ప్లాట్‌ఫారం మీదికి వాషర్‌మెన్‌పేట్ వైపు పోయే బండి వచ్చింది. హేమ లేచి అది ఎక్కింది.

కమలాంబ ఇల్లు అక్కడి బజారు వెనక సందులో, కింద గాజుల దుకాణం, పైన రెండు గదులు. ఆరోజు మెట్ల మీద మాట్లాడినప్పుడు చిరునామా చెప్పి, తెలుగు మాట్లాడే పిల్లవు, ఎప్పుడన్నా రా అంది. నిజంగా వస్తుందని అనుకుని ఉండదు. తలుపు తీసి, చూసి, గుర్తుపట్టి, లోపలికి పిలిచింది. కాఫీ వద్దన్నా వినకుండా పెట్టింది.

హేమ ఆ వంటగది గుమ్మంలో నిలబడి బియ్యం డబ్బా చూసింది. పాత రేకు డబ్బా. దాని మూత మీద ఆకుపచ్చగా టిక్కులు, ఒకదాని పక్కన ఒకటి, ప్రతి దాని కొసనా కొక్కెం. కమలాంబ ఆ చూపు పట్టుకుంది. డబ్బా నిండినప్పుడల్లా వోడే పెట్టేవోడు, ఆడిటర్ గదా అని నవ్వేదాన్ని అంది. ఆ తర్వాత డబ్బా కడిగినా మూత కడగలేదట. ఆ డబ్బా పక్కనే గూట్లో స్టీలు టిఫిన్ క్యారియరు ఉంది. ఆ రోజు నిమ్మకాయ పులిహోర కట్టి ఇచ్చిందట. ఆసుపత్రిలో వాడి వస్తువులతో పాటు ఆ క్యారియరు తిరిగి వచ్చింది, మూత తియ్యకుండానే వచ్చింది.

ఇక ఆలస్యం చేస్తే తను చెప్పలేదని హేమకు అర్థమైంది. కింద చాప మీద కూర్చుని బ్యాగు తెరిచి, కాగితం విప్పి కమలాంబ ముందు పరిచింది. తేదీ చదివి వినిపించింది. గోడౌన్ పేరు చదివింది. ఇది ఆ రోజుదేననీ, ఎడమవైపు టిక్కులు చూడమనీ చెప్పింది.

చూడమనక్కర్లేదు. కమలాంబ అప్పటికే చూసింది. వేలు పెట్టి పైనుంచి కిందికి ఒక్కొక్క టిక్కునూ తాకింది. పదకొండో వరస దగ్గర ఆ మరక మీద వేలు కొంచెం సేపు నిలిచింది. పద్దెనిమిదీ అయ్యాక మళ్ళీ మొదటికి వచ్చింది. చాలాసేపు ఏడవలేదు.

"నాతో అబద్ధం చెప్పలా," అంది. "చెప్పలా వోడు. నేనే గదా అనుమానపడినా. మూడేండ్లు వోణ్ణి నేనే అనుమానపడినా."

అప్పుడు ఏడ్చింది. హేమ కూడా ఏడ్చింది. ఆ ఏడుపులో ఒక నిమిషం పాటు ఆమెకు ఎంతో హాయిగా అనిపించింది, అంతా అయిపోయినట్టు. ఆ మడతల కాగితం ఈమెకు ఇచ్చేసి, ఇక లేచి మైలాపూరు పోవచ్చు అనుకుంది.

కమలాంబ కొంగుతో ముఖం తుడుచుకుంది. కాగితాన్ని కిటికీ వెలుగులోకి జరిపింది. ఈసారి వేలు కుడివైపుకు పోయింది.

"ఈ పక్క ఉండేది ఎవురిది పాపా? కింద బొట్టు ఉండాదే, ఇది?"

హేమ కాఫీ గ్లాసు పక్కకు జరిపింది.

"వోడు చెప్పేవోడు," అంది కమలాంబ. "చిన్నప్పట్నుంచీ ఎత్తు ఎక్కితే వోడికి కళ్ళు తిరుగుతాయి. నాకు అదే బయం. 'ఒక్కణ్ణే ఎక్కనమ్మా, కింద ఒకరు నిచ్చిన పట్టుకోనుంటారు, వోళ్ళు కుడిపక్క టిక్కు పెడతారు' అని చెప్పేవోడు. ఆ మాట మీదే పంపేదాన్ని. ఇప్పుడు చూస్తే ఆ పొద్దు కూడా వోడితో ఒకరు ఉండారు. ఎవురో చెప్పు పాపా. కోపం లేదు నాకు. ఒక్కసారి చూడాల."

ఆ ముఖంలో నిజంగానే కోపం లేదు. ఆశ ఉంది. హేమకు కోపమైతే బాగుండేదనిపించింది.

ఒక్క పేరు చెబితే చాలు. రిజిస్టరులో నూట నలభై పేర్లున్నాయి, సగం మంది ఇప్పుడు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. ఎవరో ఒకరు, ఉద్యోగం మీద వేరే ఊరు వెళ్ళిపోయారు అంటే కమలాంబ నమ్ముతుంది. ధర్మలింగం నోరు విప్పడు. కవరులో సర్టిఫికెట్ భద్రంగా ఉంటుంది. నాన్న ఫ్రేము కట్టిస్తాడు. మేలో పరీక్ష రాస్తుంది. ఆ తర్వాత ప్రతి సాయంత్రం బీచ్ స్టేషన్లో ఆ బెంచీ ముందునుంచి నడిచి పోతుంది.

హేమ బ్యాగులో చెయ్యి పెట్టింది. సర్టిఫికెట్ ఉన్న కవరు తీసి, వెనక్కి తిప్పి చాప మీద పెట్టింది. ఆకుపచ్చ పెన్సిలు తీసింది. కవరును ఎడమచేత్తో అదిమిపట్టి దాని మీద ఒక టిక్కు గీసింది. కాసేపు ఆగి దాని కింద చుక్క పెట్టింది. కవరును కాగితం పక్కకు జరిపింది.

కమలాంబ కవరు చూసింది. కాగితం చూసింది. మళ్ళీ కవరు చూసింది. తర్వాత హేమ ముఖంలోకి చూసింది. మూడేళ్ళుగా ఆ ముఖానికి దూరమైపోయిన వెలుగేదో మెల్లగా వచ్చింది. మోకాళ్ళ మీద జరిగి దగ్గరికి వచ్చి, హేమ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని నిమిరింది. కొడుకును ఆఖరుసారి పట్టుకున్న చేతులని నమ్మి, వేళ్ళు ఒక్కొక్కటే నిమిరింది.

"నువ్వా పాపా?" అంది. "వోడి పక్కన ఉండింది నువ్వా? ఇన్నాళ్ళూ చెప్పుకోలేక ఎంత బాధపడినావో. పోనీలే, ఇప్పుడన్నా చెప్పు. నిచ్చిన పైనుండి వోడు నీతో ఏం మాట్లాడినాడు? క్యారియరు తెరవలా గదా, ఆ మధ్యాన్నం నువ్వేమన్నా పెడితే తిన్నాడా?"